కంచెకి ఈ పక్క ఇరవై, ఆ పక్క ముప్పై రెండు

మా అమ్మకి ఎవరైనా ఒక ధర చెబితే, ఆవిడ దృష్టిలో వాళ్ళు ఇంకా ధర చెప్పనట్టే. ఏలూరు కూరల మార్కెట్లో వంకాయలు కిలో ఎంత అని అడిగేది, చెప్పింది వినేది, జాలిగా ఒక నవ్వు నవ్వేది, పక్క బండి వైపు తిరిగేది. అసలు మాటలు అప్పుడు మొదలయ్యేవి. ధర అంటే ఇద్దరు పెద్దవాళ్ళు కాసేపు ఒకరినొకరు అవమానించుకున్నాక మిగిలే అంకె అని పన్నెండేళ్ళు వచ్చేదాకా నేను గట్టిగా నమ్మాను.

తర్వాత నాన్నకి డ్రెస్డెన్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల తొడుగు వేసుకుని, దుమ్ము లేని గదిలో పనిచేసి, ఇంటికొచ్చి మా గదుల్లో దుమ్ము గురించి ఉపన్యాసం ఇచ్చేవారు. మేం అద్దెకి దిగిన ఇల్లు ఊరికి దూరంగా కొండ మీద, బస్సుకి ఆఖరి స్టాపు. మీటె, అంటే అద్దె, తక్కువ అని నాన్న తీసుకున్నారు. తక్కువ ఎందుకో బస్సు టైమింగులు చూశాక తెలిసింది.

నాకు పదహారేళ్ళు వచ్చేసరికి సమస్య ఇలా ఉంది. స్కూల్లో రోబోటిక్స్ క్లబ్ ఆరింటికి అయిపోతుంది. మా కొండ బస్సు ఆరుకి నాలుగు నిమిషాల ముందు బయల్దేరుతుంది. తర్వాతది ఇంకో గంటకి. జర్మనీలో బస్సులు ఆలస్యంగా వస్తాయని అందరూ తిడతారు కదా, ఆ ఒక్క బస్సు మాత్రం నాకోసం ఎప్పుడూ ఆలస్యం కాలేదు. నాన్నకి ఫోన్ చేస్తే కారులో వచ్చేవారు. కానీ స్టాపు నుంచి ఇంటిదాకా టైమ్ మేనేజ్‌మెంట్ మీద మాట్లాడేవారు. చలిలో గంట నిలబడటమే నయం అనిపించేది.

పరిష్కారం మా వీధిలోనే ఉంది. నాలుగిళ్ళ అవతల ఉండే ఒక తాత గరాజ్‌లో నీలం రంగు స్కూటర్. మనవడు జార్‌బ్రూకెన్‌లో చదువుకోవడానికి వెళ్తూ వదిలేసిపోయాడు. గరాజ్ తలుపు మీద చిన్న కాగితం అంటించి ఉంది: అమ్మకానికి, ఎనిమిది వందల యూరోలు. ఫోన్ నంబరు లేదు. కావాల్సినవాడు బెల్లు కొడతాడని ఆయన లెక్క. సెప్టెంబరులో నేను కొట్టాను. క్రిస్మస్ దాకా ఉంచుతానన్నాడు. అప్పుడు మనవడు సెలవులకి వస్తాడు. అప్పటికి నేను కొనకపోతే వాడే తీసుకుపోయి తన ఊళ్ళో అమ్ముకుంటాడు.

ఇంట్లో చెప్పాను.

"కాళ్ళు విరగ్గొట్టుకోవడానికి ప్రత్యేకంగా బండి కొనాలేంట్రా? మన మెట్లు చాలవా?" అంది అమ్మ.

నాన్న మాత్రం పెద్దమనిషి తరహాలో, "నీ సొంత డబ్బుతో కొనుక్కుంటే నేను అడ్డు చెప్పను" అన్నారు. ఆ మాట ఎందుకన్నారో ఆయన మొహంలోనే కనిపించింది. నా దగ్గర ఉన్నది అరవై యూరోలు. అలాంటి హామీలు ఇవ్వడం చాలా తేలిక. స్కూటర్ లైసెన్సు ఫీజు మాత్రం ఆయనే కట్టేశారు, ఎందుకంటే అందులో క్లాసులున్నాయి. క్లాసు అనే మాట ఉంటే మా నాన్న దేనికైనా డబ్బు కడతారు.

అమ్మ ఇంకో దారిన వెళ్ళింది. శనివారం సాయంత్రాలు మా ఇంట్లో తెలుగు కుటుంబాల ప్రార్థన కూడిక జరిగేది. అందరూ కళ్ళు మూసుకున్నాక అమ్మ స్పష్టంగా, నాకు వినబడేలా, "ప్రభువా, ఆ స్కూటర్‌ని ఎవరో ఒక మంచి మనిషి త్వరగా కొనుక్కుపోయేలా కృప చూపించు తండ్రీ" అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను. ఆ మంచి మనిషిని నేనే అని నా ఉద్దేశం. మా చెల్లి నా చెవిలో, "దేవుడి దగ్గర మీ ఇద్దరికీ ఒకే టైమ్‌కి అపాయింట్‌మెంట్ దొరికింది, చూద్దాం" అంది.

డబ్బు ఎలా వస్తుందో వీధి చూస్తేనే తెలిసేది. మా కొండ మీద ఇళ్ళన్నీ పాతవి, తోటలు పెద్దవి, ఉండేవాళ్ళ మోకాళ్ళు అరిగిపోయినవి. చెట్లన్నీ కలిసి అక్టోబరులో ఒక్కసారిగా ఆకులు రాలుస్తాయి. ఆకులు ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తే పక్కింటివాళ్ళు ఏమీ అనరు, కానీ చూస్తారు. అది చాలా ఎక్కువ. ఇళ్ళ మధ్య గోడకి బదులు పెంచే మొక్కల కంచెలు కూడా ఉన్నాయి. పక్షులు గూళ్ళు పెట్టుకుంటాయని మార్చి నుంచి సెప్టెంబరు చివరిదాకా వాటిని బాగా కొట్టేయడానికి వీల్లేదు. అంటే అక్టోబరు ఒకటిన మార్కెట్ తెరుచుకుంటుంది. మా ఇంటి ఓనరు షెడ్‌లో పెద్ద కత్తెర, ఆకులు లాగే పళ్ళ కర్రలు రెండు ఉన్నాయి. వాడుకోమన్నాడు. చెల్లిని భాగస్వామిగా చేర్చుకున్నాను. దానికి పదమూడేళ్ళు. ఆ వయసు పిల్లలు రోజుకి రెండు గంటలకు మించి పనిచేయకూడదని ఇక్కడ చట్టం. మా చెల్లి జర్మన్ చట్టాల్లో ఆ ఒక్కటి కంఠతా పట్టింది.

ధరల పట్టిక నేను తయారుచేశాను. ఈ ముక్క చదివి నవ్వేవాళ్ళు నవ్వండి, ఇప్పటికీ ఆ పట్టిక అంటే నాకు గౌరవమే. తోట వైశాల్యం ఒక గడి. చెట్టు రకం ఒక గడి: బర్చ్ ఆకు చిన్నది, తడిస్తే నేలకి స్టాంపులా అంటుకుంటుంది. వాల్‌నట్ ఆకు పెద్దది, లాగడం తేలిక, కానీ చెత్త డబ్బా వెంటనే నిండిపోతుంది. వాన పడితే మొత్తాన్ని ఒకటీ పాయింట్ మూడుతో హెచ్చవేయాలి.

"అన్నయ్యా, తడి ఆకులకి ఫార్ములా రాసినవాడి ఇంట్లో నేను ఉంటున్నానని స్కూల్లో ఎవరికీ చెప్పకు" అంది చెల్లి, జర్మన్‌లో.

అమ్మ గరిటె పట్టుకుని వచ్చి పట్టిక చూసింది. స్కూటర్ అంటే ఎంత కోపమున్నా, ధరలు కళ్ళబడితే ఆవిడ ఆగలేదు.

"కంచె కొట్టడానికి ఇరవయ్యా? నీకెంత రావాలి?"

"ఇరవై."

"ఇరవై రావాలంటే ఇరవై రాస్తావా? వాళ్ళు తగ్గించమంటే ఏం తగ్గిస్తావు, చొక్కా విప్పి ఇస్తావా?"

అందులో తర్కం ఉందనిపించింది. అన్ని ధరలనీ ఒకటీ పాయింట్ ఆరుతో హెచ్చవేశాను. ఇరవై ముప్పై రెండయింది, పదిహేను ఇరవై నాలుగయింది. ఇలా లెక్కకి పైన కొంత బలం ఉంచడాన్ని సేఫ్టీ ఫ్యాక్టర్ అంటారని తర్వాత కైసర్స్‌లౌటర్న్‌లో ఒక ప్రొఫెసర్ సెమిస్టరంతా చెప్పాడు. అమ్మ పోపు మాడేలోపు చెప్పేసింది.

ఆ శనివారం వీధిలో జర్మన్ ఇళ్ళన్నీ తిరిగాం. ప్రతి ఇంటిముందూ నవ్వుతూ, బేరానికి సిద్ధంగా, ఎక్కడెక్కడ ఎంత దిగాలో మనసులో పెట్టుకుని నిలబడ్డాం. వాళ్ళు పట్టిక తీసుకున్నారు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివారు. తడి ఆకుల దగ్గర ఆగి తలాడించారు. "కష్టపడి చేశారు, బాగుంది. కానీ వద్దు, థాంక్స్, మంచి వీకెండ్" అన్నారు. తలుపు వేశారు. ఒక్కరూ "తగ్గించరా?" అనలేదు. మా దగ్గర పన్నెండు యూరోలు తగ్గించే శక్తి ఉంది, దాన్ని ప్రయోగించడానికి ఎదురుగా మనిషి లేడు. తలుపు మాత్రం ఉంది.

"అది మొదటి మాటరా" అంది అమ్మ. "మళ్ళీ వెళ్ళు. నువ్వే కొంచెం దిగు. దిగుతున్నట్టు కాకుండా, ప్రేమకొద్దీ తగ్గిస్తున్నట్టు చెప్పు."

ఆదివారం ఇక్కడ ఎవరి తలుపూ కొట్టరు. సోమవారం వెళ్ళాం. ముందు స్కూటర్ తాత ఇంటికే. ఆయన ఫ్యాక్టరీ డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. ఆయన తోటలో ఆకుల కుప్ప కూడా చతురస్రంగా ఉండేది.

"కంచె ఇరవై ఆరుకి కొట్టిపెడతాం" అన్నాను ప్రేమకొద్దీ.

"మొన్న ముప్పై రెండు అన్నావు."

"అవును."

"ఏ పని తీసేశావు?"

"ఏదీ తీసేయలేదు."

"మరి ఆ ఆరు యూరోలు దేనికి?"

చెల్లి అందుకుంది. "మీరు తగ్గించమని అడుగుతారని ఎక్కువ రాశాం."

"నేను అడగలేదే."

"అందుకే మేమే తగ్గించాం."

ఆయన కళ్ళజోడు తీసి, మెట్టు మీద కూర్చుని, మొదటినుంచి చెప్పమన్నాడు. ఎగతాళికి కాదు, కొత్త యంత్రం ఎలా పనిచేస్తుందో అడిగినట్టు అడిగాడు. నేను వంకాయల నుంచి మొదలుపెట్టాను.

"అంటే అక్కడ ధర రాసి ఉండదా?"

"కొన్నిచోట్ల ఉంటుంది. కానీ అది చదవడానికి కాదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నీకు ఎంత వస్తే చాలు?"

"ఇరవై."

"ఇరవై రాయి" అన్నాడు. లేచి లోపలికి వెళ్తూ, "నాది నెలాఖరు శనివారం కొట్టు. ఒంటిగంట నుంచి మూడింటిదాకా కాదు, అప్పుడు అందరూ పడుకుంటారు" అన్నాడు.

ఒకటీ పాయింట్ ఆరు తీసేశాను. అంతే, పని మొదలైంది. ఇరవై అని రాస్తే ఇరవై ఇచ్చారు. పదిహేను అంటే పదిహేను చిల్లరతో సహా కవరులో పెట్టి ఉంచారు. మొదట్లో నాకు భయంగా ఉండేది, ఏదో మోసం చేస్తున్నట్టు. ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నారంటే పది ఎక్కువ చెప్పాల్సింది కదా అని అమ్మ బాధపడేది. స్కూటర్ వద్దని దేవుణ్ణి అడిగిన మనిషే, దానికోసం వచ్చే డబ్బు తక్కువైందని నిద్రపోయేది కాదు.

తాతకి పక్కిల్లు వరంగల్ వైపు ఆంటీది. అంకుల్ నాన్నతోపాటే ఫ్యాక్టరీలో చేస్తాడు. ఆ ఇంటి ముందు ఆకులు చీలమండల దాకా ఉన్నాయి. కొత్త పట్టిక పట్టుకుని వెళ్ళాను.

"పదిహేనా? ఎంతకిస్తవ్ చెప్పు బిడ్డా."

"ఆంటీ, ఇది ఫిక్స్‌డ్ రేటు."

"ఫిక్స్‌డ్ ఏంది? నేనేమన్న బస్సెక్కిన్నా? ఆరు తీస్కో."

"ఆంటీ!"

"సకినాలు పెడ్త."

ఎనిమిది యూరోలు, ఒక డబ్బా సకినాల దగ్గర ఆగాం. సకినాలు చెల్లి తినేసింది. తను ఆ రోజు పనిచేసింది రెండు గంటలే కాబట్టి మిగతా టైమ్ ఖాళీ. తర్వాత మా నాన్న స్నేహితులు ఇంకో ఇద్దరి ఇళ్ళకి వెళ్తే అక్కడా అదే కథ. ఒకాయన అయితే, "మా పిల్లల్లాంటోళ్ళు, మీకు డబ్బులిచ్చి అవమానిస్తానా?" అని టీ ఇచ్చాడు. ఆయన తోటలో మూడు బర్చ్ చెట్లున్నాయి.

ఇక్కడ నేను చాలా తెలివైన పని ఒకటి చేశాను. పట్టికలు రెండు చేశాను. జర్మన్ ఇళ్ళకి ఉన్నది ఉన్నట్టు. తెలుగు ఇళ్ళకి ఒకటీ పాయింట్ ఆరు. కొలిచే వస్తువుని బట్టి కొలబద్ద మార్చాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆంటీకి కంచె ధర ముప్పై రెండు చెప్పాను. మూడు విడతల టీ, మా స్కూలు మార్కుల విచారణ, వాళ్ళ చెల్లెలి కొడుకు ఎంత బుద్ధిమంతుడో వినడం, ఇవన్నీ అయ్యాక పద్దెనిమిదికి కుదిరింది.

నేను మర్చిపోయిందేంటంటే ఆ రెండిళ్ళకీ మధ్య కంచె ఒకటే. తాత వైపు ఎంత పొడుగో ఆంటీ వైపూ అంతే. నెలాఖరు శనివారం పొద్దున్న ఈ పక్క, మధ్యాహ్న నిద్రలయ్యాక ఆ పక్క కొట్టాం. కొట్టి కొట్టి దాన్ని ఛాతీ ఎత్తుకి దించాం. ఇన్నేళ్ళూ ఆకుల వెనకాల దాక్కున్న ఇద్దరు పొరుగువాళ్ళ మొహాలు ఒకళ్ళకొకళ్ళకి తేటగా కనబడ్డాయి. కత్తెర చేతిలో పట్టుకుని నేను మధ్యలో ఉన్నాను.

ఆంటీ తన జర్మన్‌లో తాతని పలకరించింది. పని మంచిగ చేసిన్రు పిల్లలు, అంది. మంచిగనే చేశారు అన్నాడాయన. ఎంత ఇచ్చినవ్ అని అడిగింది. జర్మన్లని అలా అడగరు. కానీ ఆయన జవాబు చెప్పాడు.

"ఇరవై."

ఆంటీ నావైపు తిరిగింది. "గాయనకు ఇరవై చెప్పి నాకు ముప్పై రెండు చెప్పినవా?"

"మీరు పద్దెనిమిదే కదా ఆంటీ ఇస్తున్నారు."

"గది నా తెలివి! నువ్వు చెప్పిందెంత? మనోళ్ళు మనోళ్ళు అనుకుంట మనోళ్ళనే ముంచుతవారా? ఇంకోపారి సకినాలు అడుగు, చెప్త నీ సంగతి."

తాతకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. చెల్లి దాచుకోకుండా అంతా అనువాదం చేసింది. రెండు పట్టికలు అన్న దగ్గర ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"అంటే అడిగినవాళ్ళకి పద్దెనిమిది, అడగనివాళ్ళకి ఇరవై. నేను నోరు మూసుకున్నందుకు రెండు యూరోల జరిమానా అన్నమాట."

"ఆంటీ నలభై నిమిషాలు బేరమాడారు" అంది చెల్లి. "ఆ టైమ్ లెక్కేస్తే మీకే చవక పడింది."

నేను రెండు యూరోలు తిరిగి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. ఇరవైకి ఒప్పుకున్నాను. కానీ ఒకటి చెప్పు. నువ్వు ధరలు రెండు పెట్టుకుంటే, నేను స్కూటర్‌కి ఒక్కటే ఎందుకు పెట్టుకోవాలి?"

అప్పటికి నా దగ్గర నాలుగొందల పైన ఉన్నాయి. ఆయన తలుచుకుంటే కాగితం చింపేసి ఇంకో అంకె వేయొచ్చు. ఆ సాయంత్రమే రెండో పట్టిక తీసేశాను.

కానీ ఆయన ఆ మాట అక్కడితో వదల్లేదు. కంచె దిగిపోయాక ఆయనా ఆంటీ రోజూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మేం పక్క తోటల్లో ఆకులు లాగుతుంటే వినబడేది. ఆంటీ ఆయనకి బేరం నేర్పిస్తోంది.

"మొదటి రేటు అంటే ఉత్తగ దండం పెట్టినట్టు. అది వట్టించుకోవద్దు. సగం అడగాలె. వాళ్ళు కోపం చెయ్యాలె, నువ్వు నవ్వాలె. ఆఖరికి వొద్దని చెప్పి నడ్శి పోవాలె."

"నిజంగానే వెళ్ళిపోవాలా?"

"నిజంగ పోతున్నట్టు పోవాలె."

"వాళ్ళు పోనిస్తే?"

"ఎందుకు పోనిస్తరు?" అంది ఆంటీ. ఆమెకి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. ఆ పాఠమంతా కొనేవాళ్ళ వైపు నుంచే సాగింది. అమ్మేవాడు ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆంటీ జన్మలో ఏదీ అమ్మలేదు.

నవంబరు చివరికి ఆకులైపోయాయి. ఇంకో నూట ఇరవై కావాలి. దానికోసం నా దగ్గర మంచు ఉంది. ఇక్కడ ఎవరింటి ముందు కాలిబాట మీద మంచు వాళ్ళే తీయాలి, అదీ పొద్దున్నే ఏడింటికల్లా. ముసలివాళ్ళకి అంతకంటే నరకం లేదు. మంచు ధరల పట్టిక నేను ఇప్పటిదాకా చేసినవాటన్నిటిలోకీ గొప్పది. సెంటీమీటర్ల లోతు, పొడి మంచా తడి మంచా, వాలు, ఉప్పు చల్లడం వేరే, ఆదివారం పొద్దున్న లేవడానికి అదనం. వీధిలో సగం ఇళ్ళవాళ్ళు ముందే ఒప్పుకున్నారు.

మంచు పడలేదు. డిసెంబరంతా వాన. నేను పొద్దున్నే ఐదున్నరకి లేచి పరదా తీసి చూసేవాణ్ణి, బయట బురద నావైపు చూసేది. "నేనేం మొక్కుకోలేదురా, నా మొహం చూడకు" అనేది అమ్మ. చెల్లి నమ్మలేదు.

క్రిస్మస్ ముందు శనివారానికి నా దగ్గర ఆరువందల ఎనభై ఉన్నాయి. మనవడు మర్నాడే వస్తాడు. నేను తాత దగ్గరికి వెళ్ళి ఉన్నదెంతో చెప్పాను. గడువు ఇవ్వమని కూడా అడిగాను. ఆయన, "మైనర్‌కి అమ్మాలంటే ఎలాగూ మీ ఇంటినుంచి పెద్దవాళ్ళ సంతకం కావాలి. ఎవర్నయినా తీసుకుని మధ్యాహ్నం మూడు దాటాక రా, మాట్లాడదాం" అన్నాడు.

నాన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి నిద్రపోతున్నారు. లేపితే స్కూటర్ మాట దేవుడెరుగు, ఫోన్ కూడా పోతుంది. మిగిలింది అమ్మ.

"వస్తాను" అంది అమ్మ, చాలా తేలిగ్గా. చీర మీద కోటు వేసుకుంది. "వచ్చి, కుదరదని మర్యాదగా చెప్పేసి వస్తాను. ఎనిమిదొందలకి ఆరువందల ఎనభై ఎక్కడ సరిపోతుంది? పాపం ఆయన్ని మూడు నెల్ల నుంచి కూర్చోబెట్టావు."

చెల్లి అనువాదానికి వచ్చింది. దీన్ని చూడకుండా ఉండలేనంది.

గరాజ్ తలుపు తీసి ఉంది. స్కూటర్ బయట పెట్టి తుడిచాడు. తలుపు మీద కాగితం లేదు. అమ్మ మర్యాదగా చెప్పాల్సింది చెప్పడానికి ఊపిరి తీసుకుంది. ఆయన ముందే మాట్లాడాడు.

"తొమ్మిది వందల యాభై."

చెల్లి అనువాదం చేసింది. అమ్మ ఊపిరి అలాగే ఉండిపోయింది.

"ఎంతా?"

"తొమ్మిది వందల యాభై" అంది చెల్లి.

"సెప్టెంబరులో ఎనిమిదొందలు కదా?"

ఆయన భుజాలెగరేశాడు. మొహంలో ఏమీ లేదు, స్కేలు పెట్టి గీసినట్టుంది.

అప్పుడు అమ్మ ఆ పాత నవ్వు నవ్వింది. నేను దాన్ని ఏలూరు వదిలాక మళ్ళీ చూడలేదు. స్కూటర్ చుట్టూ ఒకసారి తిరిగింది. టైరు బొటనవేలితో నొక్కింది. సీటు మీద గీత చూపించింది. అద్దం కదిలించింది. ఆవిడకి స్కూటర్ల గురించి ఏమీ తెలీదు, వంకాయలో పురుగు వెతికినట్టు వెతికింది.

"నాలుగొందలు అని చెప్పు."

చెల్లి చెప్పింది. ఆయన కోపంగా "హా!" అన్నాడు, కొంచెం ఎక్కువ గట్టిగా. ఎవరో నేర్పిన కోపంలా ఉంది. కంచె అవతల ఆంటీ ఎప్పుడొచ్చిందో వచ్చింది. చేతిలో బట్టల బుట్ట ఉంది. వానలో ఎవరు బట్టలారేస్తారు?

"తొమ్మిది వందలు" అన్నాడాయన.

"నాలుగొందల యాభై. ఆ గీత చూడమను."

"ఎనిమిది వందల యాభై. ఆ గీత నా మనవడు వేసింది. దానికి విలువుంది."

"అక్కా, తగ్గకు!" అంది ఆంటీ తెలుగులో. వెంటనే తాత వైపు తిరిగి జర్మన్‌లో ఏదో ధైర్యం చెప్పింది. ఆవిడ ఎవరి పక్షమో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆయన ఏడొందల యాభైకి వచ్చాడు. అమ్మ ఐదొందల యాభైకి వెళ్ళింది. అక్కడ ఇద్దరూ ఆగిపోయారు. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "వద్దులే. పదండ్రా" అని వెనక్కి తిరిగి గేటు వైపు నడిచింది.

అది బేరంలో నడకా, నిజం నడకా? ఆవిడ వచ్చిందే కుదరదని చెప్పడానికి. గేటు దాటితే ఆవిడ ప్రార్థన నెరవేరినట్టే, మూడు నెలల ఆకులూ నేలపాలు. వెనక్కి చూశాను. తాత స్కూటర్ పక్కన నిటారుగా నిలబడి, అమ్మ వెళ్ళిపోవడాన్ని ఆసక్తిగా గమనిస్తున్నాడు. కొనేవాళ్ళు నడిచి వెళ్ళిపోతారని ఆయనకి చెప్పారు. సరిగ్గా అలాగే జరుగుతోంది. తర్వాత తను చేయాల్సింది ఒకటుందని ఆయనకి తెలీదు.

అమ్మ గేటు గడియ మీద చెయ్యి వేసింది. గడియ తీయలేదు. వీపు మా వైపే ఉంది.

"పిలువు!" అని కంచె అవతల నుంచి ఆంటీ జర్మన్‌లో బుస కొట్టింది. "అట్ల నిలవడ్డవేంది? పిలువు, పిలువు!"

తాత ఉలిక్కిపడి, "అమ్మగారూ! ఆరువందల యాభై!" అని అరిచాడు.

అమ్మ వెంటనే తిరగలేదు. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు అలాగే ఉంది. తర్వాత తిరిగి వచ్చి, చాలా కష్టం మీద ఒప్పుకుంటున్నట్టు తలాడించి, పెన్ను అడిగింది. సంతకం పెట్టింది. ఆయన చెయ్యి ఇచ్చాడు, ఇచ్చి, "చాలా బాగుంది. ఇది రోజూ చేస్తారా?" అని అడిగాడు. తొమ్మిది వందల యాభై ఎక్కడినుంచి వచ్చిందని తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆయన నాకు చెప్పలేదు. వాతావరణం గురించి మాట్లాడేవాడు.

స్కూటర్‌ని తోసుకుంటూ బయల్దేరాం. నేను హ్యాండిల్ పట్టుకున్నాను, చెల్లి వెనకనుంచి ఉత్తినే చెయ్యి వేసి తోస్తున్నట్టు నటించింది. అమ్మ ముందు నడుస్తోంది, మార్కెట్ నుంచి వచ్చేటప్పటి నడక. చిన్న పాట కూడా కూనిరాగం తీసింది. మూడో ఇంటి దగ్గర టక్కున ఆగింది. స్కూటర్ వైపు చూసింది. నావైపు చూసింది. ఏం చేసిందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

హ్యాండిల్ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. చెల్లి నోరు మూసుకుంది, అంత అరుదైన క్షణం అది.

"హెల్మెట్ ఉందా?" అంది అమ్మ చివరికి.

"లేదు. సోమవారం షాపుకి వెళ్ళి కొనుక్కుంటా. ముప్పై యూరోలు మిగిలాయి, నాన్నని ఇంకొంచెం అడుగుతా."

"ఎంత ఉంటుందేంటి?"

"మంచిది తొంభై దాకా ఉంటుందమ్మా. షాపులో రేటు రాసే ఉంటుంది."

అమ్మ మళ్ళీ నడక మొదలుపెట్టింది. "రాసి ఉంటే ఉండనీ. నేనొస్తా. నువ్వు మాత్రం అక్కడ నోరెత్తకు."